కోయిల కంటే ముందే

శ్రోతలందరికీ నమస్కారం.

ఉగాది నాడు కోయిల కూస్తే వసంతం వచ్చిందంటాం. అప్పటికి అది వచ్చి నెల దాటిపోతుందని నేనంటాను. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర పల్లెటూరు మాది. సంకురాత్రి వెళ్లిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే చెరువు గట్టు మీదికి పోయి ఒక గంట కూర్చోవడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. మొదట్లో గేదెలు తోలుకొచ్చే తాత ఒకాయన "ఏటి బాబూ, చేపలకా?" అని అడిగేవాడు. ఇప్పుడాయనే "నిన్న నువ్వు రాలేదు గానీ, ఆ పాలపిట్ట తాటిచెట్టు మీద ఎంత అల్లరి చేసిందో" అని కబురు చెబుతున్నాడు.

అన్నిటికంటే ముందు వినపడేది కంసాలి పిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట కుంకుమ పెట్టినట్టు ఎర్ర మచ్చ, గొంతు దగ్గర పసుపు. ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి కంటికి అంత సులువుగా దొరకదు. నడి చలికాలంలో దాని గొంతు వినపడదు. మాఘమాసంలో ఎండ కాస్త చురుక్కుమనగానే రావిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని టంకు, టంకు, టంకు అని మొదలుపెడుతుంది, ఎవరో చిన్న సుత్తితో వెండి రేకు మీద కొడుతున్నట్టు, అదే శ్రుతి, అదే లయ, నిమిషాల తరబడి. ఆ కూతకి నోరు కూడా తెరవదు. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతుంది, అందుకే చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఒక పట్టాన తెలియదు.

పాలపిట్టని దసరా నాడు చూస్తే మంచిదని వెతుక్కుంటాం, ఆ తర్వాత పట్టించుకోం. కానీ దాన్ని కళ్లారా చూడాల్సింది ఈ ఫిబ్రవరి, మార్చిలోనే. కరెంటు తీగ మీద మట్టిరంగు ముద్దలా కూర్చున్నది ఉన్నట్టుండి నిట్టనిలువుగా ఆకాశంలోకి లేచి, అక్కణ్ణుంచి అటూ ఇటూ దొర్లుకుంటూ గరగరమని అరుస్తూ కిందికి పడిపోతుంది, ఆ దొర్లడంలో రెక్కల్లో దాచుకున్న నీలమంతా బయటపడుతుంది. ఆడపిట్ట కోసం ఈ హడావిడంతా. 2018లో మన రాష్ట్ర పక్షిగా దీని బదులు రామచిలుకని పెట్టారు. చిలుక మీద నాకు కోపం లేదు గానీ, ఆ విన్యాసం ఒక్కసారి చూసినవాళ్లెవరికీ దీన్ని వదులుకోబుద్ధి కాదు.

మరి కోయిల సంగతేమిటంటారా? అది ఎక్కణ్ణుంచో రాదు, ఏడాదంతా మన తోటల్లోనే ఉంటుంది, చలికాలంలో నోరు మూసుకుని రావి పళ్లో మర్రి పళ్లో తింటూ ఉంటుంది, మనం గమనించం, అంతే. ఫిబ్రవరి ఆఖరుకి తెల్లవారుజామున సగం కూసి ఆపేస్తుంది. ఆ సగం కూత వినడం నాకెంతో ఇష్టం. మామిడి చిగురు తిని గొంతు విప్పుతుందని కవులన్నారు. నిజానికి కూసేది మగది, నల్లగా ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉండి కిక్ కిక్ మంటుంది, గుడ్లేమో కాకి గూట్లో పెడుతుంది, అంచేత కాకులు పుల్లలు ఏరుకునే రోజులు దగ్గరపడేకొద్దీ ఈ కూత కూడా పెరుగుతుంది.

ఈ పిట్టలకి కాలం మారిందని ఎలా తెలుస్తుందని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. చాలా పక్షులకి పగటి పొడవే గుర్తు. పగలు పెరుగుతుంటే వాటి ఒంట్లో హార్మోన్లు మారతాయి, దాంతో పాట, జత, గూడు. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లో పొద్దుటి కిరణాలు ఆదిత్యుడి పాదాల మీద పడతాయని మనమంతా ఎదురుచూస్తాం కదా, సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్న ఆ జాడనే పిట్టలు ఒంటితో పట్టుకుంటాయి.

చెట్లలో ముందు లేచేది బూరుగు. ఒక్క ఆకు లేకుండా ఒళ్లంతా ఎర్రటి పెద్ద పెద్ద పూలు, ఒక్కో పువ్వులో గుక్కెడు తేనె, గోరింకలు, కాకులు, పసులపోలిగాళ్లు, చిలుకలు, ఉడతలు అన్నీ అక్కడే. మా గట్టు మీద అలాంటి చెట్టు ఒకటి ఉండేది. రోడ్డు వెడల్పు పేరుతో మొన్నామధ్య కొట్టేశారు. పిట్టలు ఆ చోటుకి వచ్చి ఖాళీగా తిరిగాయని నేను చెప్పను, అది నాకు తెలియదు, నేను మాత్రం రోజూ అటు చూస్తున్నాను. ఉద్దానంలో 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినప్పుడు అక్కడివాళ్లు పడ్డ బాధ ముందు ఇదేపాటి, కానీ చెట్టు పోతే దాని మీద బతికే కాలం కూడా పోతుంది.

ఇక వెళ్లిపోయేవి. వసంతం అంటే వచ్చేవాటి గురించే మాట్లాడతాం గానీ మన దగ్గర అది వీడ్కోళ్ల కాలం కూడా. మడి గట్ల మీద, మినుము చేలల్లో తోక పైకీ కిందికీ ఆడిస్తూ పరుగెత్తే సన్నటి పిట్టని, అంటే వాగ్‌టెయిల్‌ని, చూసే ఉంటారు. చలికాలమంతా వెలిసిపోయిన బట్టలా ఉన్న ఆ పిట్ట ఒంటి మీద మార్చికల్లా పసుపు ఎక్కుతుంది, రోజురోజుకీ ముదురుతుంది, ఏప్రిల్లో ఒక పొద్దున్న చూస్తే ఉండదు. పెళ్లిబట్టలు ఇక్కడ కట్టుకుని పెళ్లికి ఉత్తరాసియా పోతుందన్నమాట. 20 గ్రాములకి అటూ ఇటూ ఉండే ప్రాణి అంత దూరం ఎగురుతుంది. తీగల మీద బారులు తీరిన వానకోవిలలదీ, అంటే స్వాలో పిట్టలదీ, ఇదే దారి.

ఇక్కడొక మాట చెప్పాలి. మా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు వచ్చే ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు. ఆ రెండూ మన దక్షిణాసియా పక్షులే, నీళ్లూ చేపలూ ఉన్నచోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. వాటి గొప్పతనానికి సైబీరియా అక్కర్లేదు. వానలు వెనకబట్టాక వచ్చి, నౌపడ ఉప్పు మడులు, చెరువుల్లో నీరు తగ్గి చేపలు ఒక్కచోట చేరే రోజుల్లో పిల్లల్ని పెంచుకుంటాయి. అదే జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలది సరిగ్గా తిరగేసిన లెక్క, తొలకరికి వచ్చి, మడుల్లో నీళ్లు నిండినప్పుడు నత్తలు తిని, వరి కోతల నాటికి పోతాయి. ఈ రెండు ఊళ్లవాళ్లూ ఆ పక్షుల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. 2010లో థర్మల్ ప్లాంటు వద్దంటూ సోంపేట బీల కోసం, అంటే అక్కడి చిత్తడి నేల కోసం, రైతులూ మత్స్యకారులూ నిలబడ్డారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నీళ్లు వాళ్ల తిండి, ఈ పక్షుల తిండి కూడా.

తేలినీలాపురం వెళ్లాలనుకునేవాళ్లు మార్చి లోపే వెళ్లండి, అది దాటితే గూళ్లు ఖాళీ అవుతాయి. పొద్దున్నే వెళ్లండి. చెట్ల కింద వినపడే గోలంతా పిల్లలదే, ఎందుకంటే పెద్ద కొంగలకి గొంతు దాదాపు లేనట్టే, ముక్కులు టకటకలాడించడమే వాటి మాట. ఒక తల్లి గూడబాతు సంచి లాంటి నోరు తెరిచిందంటే పిల్ల మెడ దాకా అందులోకి దూరిపోతుంది. అది చూసేదాకా ఆగండి, ఎంతసేపైనా సరే. నమస్కారం.