పిల్లర్‌లోని రింగు

శ్రోతలకు నమస్కారం.

2024 డిసెంబరు 4. ఉదయం ఏడున్నర కావస్తోంది. ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లో మా వంటింట్లో స్టాండు మీద గ్లాసులు గలగలమన్నాయి. పది నిమిషాల్లో నాకు నాలుగు ఫోన్లు వచ్చాయి. బిల్డింగుల డిజైన్లు చేస్తూ బతికినవాణ్ని కనుక అందరూ నన్నే అడుగుతారు. "మన అపార్ట్‌మెంటు తట్టుకుంటుందా?" అని.

మనకిది కొత్త కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం. పెద్దవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటాయి. అయినా ఎప్పుడు భూమి కదిలినా మనం తీవ్రత ఎంత అనే అడుగుతాం. పిల్లర్ల సంగతి ఎవరూ అడగరు. ఈ రోజు నేను పిల్లర్ల గురించే మాట్లాడతాను. ఇంకా చెప్పాలంటే, పిల్లర్ లోపల నిలువు రాడ్లను చుట్టి పట్టుకునే ఒక చిన్న ఇనప రింగు గురించి.

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నారనుకోండి. డ్రైవరు ఒక్కసారిగా బస్సును ముందుకు దూకించాడు. మీ పాదాలు బస్సుతో పాటు వెళ్లిపోతాయి. ఒళ్లు మాత్రం వెనకే ఉండిపోతుంది. ఆ లాగుడంతా ఎక్కడ పడుతుంది? కాళ్ల మీద. భూకంపంలో భవనానికి జరిగేది ఇదే. నేల పునాదిని లాక్కుపోతుంది. పైనున్న స్లాబులు, గోడలు, నీళ్ల ట్యాంకు, అంత బరువూ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. మధ్యలో నలిగేవి కింది అంతస్తు పిల్లర్లు. అదీ ఒకసారి కాదు. ఇటు, అటు. మళ్లీ ఇటు, మళ్లీ అటు.

ఇక మిమ్మల్ని అమెరికా తీసుకెళ్తాను. లాస్ ఏంజెలెస్ పక్కన సిల్మార్ అనే చోట ఆలివ్ వ్యూ అని ఒక ఆసుపత్రి. కాంక్రీటుతో కొత్తగా కట్టారు. తెరిచి ఎన్నో రోజులు కాలేదు. 1971 ఫిబ్రవరి 9, ఉదయం 6 గంటలకు శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చింది. తీవ్రత 6.6. గట్టిగా ఊపింది పన్నెండు సెకన్లే. ఆ పన్నెండు సెకన్లలో మెట్లకోసం కట్టిన నాలుగు టవర్లలో మూడు విడిపోయి అవతలికి ఒరిగిపోయాయి. అసలు భవనంలో పై అంతస్తులకు దిట్టమైన కాంక్రీటు గోడలున్నాయి. ఆ గోడలు నేల దాకా దిగలేదు. కింద పిల్లర్లే. దాంతో పై భాగమంతా ఒక పెట్టెలాగా నిలిచి, కింది అంతస్తు ఒక్కటే పక్కకు వాలిపోయింది. సుమారు రెండడుగులు! పిల్లర్ అడుగు ఒకచోట, తల రెండడుగుల అవతల. అలాగే ఉండిపోయింది.

ఉండిపోయింది, పడలేదు. ఎందుకు పడలేదు?

ఆ భవనంలో రెండు రకాల పిల్లర్లున్నాయి. మూలల్లో ఉన్నవాటికి మామూలు రింగులు, ఎడంగా కట్టినవి. మిగతావాటిలో ఎక్కువ భాగానికి నిలువు రాడ్ల చుట్టూ ఇనుమును స్ప్రింగులాగా, దగ్గర దగ్గరగా చుట్టారు. ఒకే భవనం, ఒకే నేల, అవే పన్నెండు సెకన్లు. మూల పిల్లర్లు ముక్కలైపోయాయి, రాడ్లు బయటికి వంగిపోయాయి. చుట్ట చుట్టిన పిల్లర్లకు పైపెచ్చు రాలిపోయింది కానీ లోపలి కాంక్రీటు గట్టిగా ఉంది. రెండడుగులు వాలి కూడా పై భవనాన్ని మోశాయి. ఆ ఫోటోలు మొదటిసారి చదువుకునే రోజుల్లో చూశాను. ఇప్పటికీ చూస్తే మనసు ఆగిపోతుంది.

బియ్యం కుప్ప మీద నిలబడితే కాలు దిగబడుతుంది. అవే బియ్యం బస్తాలో పోసి మూతి బిగించి కుడితే, పైకెక్కి నిలబడొచ్చు. కాంక్రీటు చిట్లినా బిగించి పట్టుకున్నంతసేపు బరువు మోస్తుంది. పట్టుకునేది రింగు. రింగు విడిపోతే బస్తా కుట్టు ఊడినట్టే.

మరి రింగు ఎందుకు విడిపోతుంది? కొక్కెం వల్ల. రాడ్డును చతురస్రంగా వంచి రెండు కొసలూ ఒక మూల కలుపుతారు. చాలాచోట్ల ఆ కొసల్ని లంబకోణంలో వంచి వదిలేస్తారు. అంటే కొస పైపెచ్చులోనే ఉంటుంది. పైపెచ్చు రాలగానే దానికి పట్టు ఉండదు, విచ్చుకుంటుంది. అదే కొసను లంబకోణం దాటించి, ఇంకో సగం కూడా వంచితే, 135 డిగ్రీలు, అది పిల్లర్ పొట్టలోకి దిగుతుంది. పైపెచ్చు రాలినా ఊడదు. కొక్కెం లోపలికి వంగాలి. అంతే. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 ఈ మాట 1993లోనే చెప్పింది. పిల్లర్ పైచివర, కిందిచివర రింగుల మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలు మించకూడదనీ చెప్పింది.

2001 జనవరి 26న జెండా పండుగ పొద్దున గుజరాత్‌లో భూకంపం వచ్చింది. అసలు కేంద్రం కచ్‌లో. అహ్మదాబాద్ అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగు కోసం ఖాళీ, పైన గోడలు. విరిగిన పిల్లర్లలో ఎడమెడంగా రింగులు, లంబకోణపు కొక్కేలు. ఆలివ్ వ్యూ నేర్పిన పాఠానికి అప్పటికి ముప్పై ఏళ్లు. ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

మీరు ఇప్పటికే అలాంటి పార్కింగు ఉన్న అపార్ట్‌మెంటులో ఉంటే, అసోసియేషన్ తరఫున ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించండి. కింద కొన్ని పిల్లర్ల మధ్య గోడలు కట్టడం, పిల్లర్లకు పైన మరో కాంక్రీటు తొడుగు వేయడం లాంటి దారులున్నాయి. కొత్తగా కట్టుకునేవాళ్లు మాత్రం రింగు చూడండి. కాంక్రీటు పోయడానికి చుట్టూ పలకలు, అంటే షట్టరింగ్, బిగించాక కనిపించదు. ముందే చూడండి.

మొన్న మా మేనల్లుడు ఖమ్మంలో ఇల్లు మొదలుపెట్టాడు. వెళ్లి చూశాను. కొక్కేలన్నీ లంబకోణమే. మేస్త్రిని అడిగితే, "ఇంకా వంచితే కాంక్రీటు దిగదు సార్" అన్నాడు. ఆయన అన్నదాంట్లోనూ నిజముంది. చిన్న కంకర వాడి, కాంక్రీటును కుదిపి దించే వైబ్రేటర్ సరిగ్గా పెడితే దిగుతుందని చెప్పాను. ఆయనే ఒకటి వంచి, పిల్లర్‌లో పెట్టి, కొస ఎటు పోయిందో వేలితో తడిమి చూసుకున్నాడు. కట్టినవన్నీ విప్పించి కొత్తవి కోశారు. ఒకరోజు ఆలస్యమైంది.

షట్టరింగ్ ముందు మావాడు పిల్లర్ పిల్లర్‌కీ ఫోటో తీసి పంపాడు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. ఒకదాంట్లో పైనుంచి మూడో రింగు కొస తిన్నగా ఉంది. ఫోన్ చేశాను. "మామయ్యా, ఇప్పుడే మార్పిస్తున్నా" అన్నాడు.

నమస్కారం.