పాస్‌వర్డులు, పాటల ఫైళ్లు: నింద ఎవరి మీద?

సభకు నమస్కారం.

పాస్‌వర్డుల భద్రత మీదా, పాటల ఫైళ్ల పంపకం మీదా ఏళ్ల తరబడి వాదనలు సాగుతున్నాయి. రెండింటిలోనూ చివరికి అందరూ వేలెత్తి చూపేది వాడుకరినే. తేలికైన పాస్‌వర్డు పెట్టుకున్నాడని ఒకచోట, డబ్బు కట్టకుండా పాట తెచ్చుకున్నాడని మరొకచోట. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ వ్యవస్థలను కట్టినవారిని మనం అడగవలసినంతగా అడగడం లేదన్నదే నా బాధ.

ఇంగ్లిషు పెద్ద అక్షరం, అంకె, గుర్తు తప్పనిసరిగా ఉండాలని, గడువు తీరగానే మార్చాలని చాలాకాలం పాటు సంస్థలు పట్టుబట్టాయి. జనం ఏం చేశారు? తెలిసిన పేరుకే మొదటి అక్షరం పెద్దది చేసి, చివర 1 తగిలించారు. గడువు తీరగానే దాన్ని 2 చేశారు. పాస్‌వర్డులను ఊహించే ప్రోగ్రాములు ముందుగా ప్రయత్నించేది ఇలాంటి మార్పులనే. చివరికి 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆ రెండు నిబంధనలనూ వద్దంది. పొడవైన పాస్‌వర్డులను అనుమతించాలని, ఇదివరకే బయటపడిన వాటిని తిరస్కరించాలని చెప్పింది.

2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి సుమారు 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటికి పొక్కినప్పుడు, అందరూ చెప్పుకున్నది వాటిలో ఎక్కువమంది వాడిన 123456 గురించే. కానీ ఆ సంస్థ వాటిని ఏ మరుగూ లేకుండా, ఉన్నవి ఉన్నట్టే దాచింది. కాబట్టి ఎంత కఠినమైన పాస్‌వర్డు పెట్టుకున్నవారికైనా అక్కడ రక్షణ లేకపోయింది. ఒకే పాస్‌వర్డును ఇద్దరు పెట్టుకున్నా దాచినచోట వేర్వేరుగా కనిపించేలా, ఒక్కొక్కదానికి సాల్ట్ అనే యాదృచ్ఛిక సంఖ్యను కలిపే పద్ధతిని కంప్యూటరు శాస్త్రవేత్తలు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే వివరించారు. అయినా 2012లో లాస్ట్.ఎఫ్ఎం అనే సంగీత సేవ నుంచి దాదాపు 4.3 కోట్ల ఖాతాల వివరాలు పోయినప్పుడు, ఆ పాస్‌వర్డులకు సాల్ట్ లేదు.

పాటల విషయానికి వద్దాం. 1999లో వచ్చిన నాప్‌స్టర్ అనే పాటల పంపకం సేవ సర్వర్లలో ఉన్నది జాబితా మాత్రమే. పాటలు సభ్యుల కంప్యూటర్లలోనే ఉండేవి. కోర్టు తీర్పుల దెబ్బకు 2001లో అది మూతపడింది. కళాకారుడి కష్టానికి ప్రతిఫలం దక్కాలన్న వాదనను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ పేరుతో 2005లో సోనీ బీఎంజీ సంస్థ సీడీల విషయంలో జరిగింది చూడండి. నకళ్లను అడ్డుకోవడానికి ఆ సీడీలలో పెట్టిన సాఫ్ట్‌వేర్, కంప్యూటరులో తన ఉనికిని దాచుకోవడం కోసం ఒక నిర్ణీత గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా కనబడకుండా చేసేది. ఈ సంగతి బయటపడిన కొద్దిరోజుల్లోనే వైరస్‌లు రాసేవారు ఆ మరుగునే వాడుకున్నారు. డబ్బు పెట్టి సీడీ కొన్న వ్యక్తి కంప్యూటరు ఆ ముప్పులో పడింది. అదే పాటను ఎంపీ3గా ఊరికే తెచ్చుకున్నవారికి ఆ సాఫ్ట్‌వేర్ అంటలేదు. ఈసారి మాత్రం జనం నిలదీసింది సంస్థనే. నిరసనలు, దావాల మధ్య ఆ సీడీలను అది వెనక్కి తీసుకోవలసి వచ్చింది.