ఫిస్టులా చెయ్యిని ఇంట్లో చూసుకోవడం ఎలా?

నమస్కారం అండి. డయాలసిస్‌కి వచ్చేవాళ్లూ, వాళ్లని ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్లూ ఇద్దరూ కలిసి కూర్చుని ఈ వీడియో చూడండి.

ఫిస్టులా అంటే చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్ చేసి కలపడం. ధమని రక్తం ఒత్తిడికి సిర లావెక్కి, డయాలసిస్ సూదులకి తట్టుకునేలా గట్టిపడుతుంది. దానికి వారాలు పడుతుంది. అది మూసుకుపోయిందంటే డయాలసిస్‌కి మళ్లీ మెడలో గొట్టం, దాంతో ఇన్ఫెక్షన్ భయం. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇదిగో, దగ్గర్నుంచి చూడండి. ఈ ఆపరేషన్ మచ్చ మీద మూడు వేళ్లు ఆనించండి. నొక్కొద్దు. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినట్టు జుమ్మని అదురుతోంది కదా, దాన్నే మేం థ్రిల్ అంటాం. పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా చూడాలి. విరేచనాలైనా, బీపీ పడిపోయినా ఇంకోసారి చూడండి. అదురు తెలియలేదా? ఎల్లుండి డయాలసిస్ ఉందిగా, అప్పుడు చెబుదాంలే అనుకోవద్దు. వెంటనే సెంటర్‌కి ఫోన్ చేసి బయల్దేరండి. తొందరగా వెళితే లోపల గడ్డకట్టిన రక్తం తీసి ఫిస్టులాని కాపాడే అవకాశం ఉంటుంది. ఎర్రబడినా, వాచినా, చీము కనబడినా అంతే.

ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, సెలైన్ పెట్టనివ్వొద్దు. సిస్టర్ ఏమనుకుంటారోనని మొహమాటం వద్దమ్మా. నేనూ సిస్టర్నే, చెప్పమనే అంటున్నా. బిగుతు గాజులు, వాచీ తీసేయండి. కూరగాయల సంచీ మోచేతికి తగిలించుకోకండి. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకండి.

ఉద్దానం వైపు, కోనసీమ వైపు ఉన్నవాళ్లకి ఇంకో మాట. పెరట్లోనే కొబ్బరిచెట్టు, నీరసంగా ఉన్నారని ప్రేమతో బొండాం కొట్టిస్తారు. డయాలసిస్ మనిషికి అది వద్దండి. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, గుండె లయ తప్పుతుంది.

ఇక రక్తం కారితే. సూది గుచ్చిన చోట ఇంటికెళ్లాక కారడం మొదలైతే చాలామంది తువ్వాలు చుట్టలు చుట్టలుగా కట్టేస్తారు. లోపల ఎంత పోతోందో కనబడదు. శుభ్రమైన గుడ్డ చిన్నగా మడిచి, సరిగ్గా ఆ చిల్లు మీదే వేళ్లతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడొద్దు. ధారగా వస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా నొక్కినవాళ్లు వేళ్లు తీయకూడదు.