పాట ఆపినా ఆగని రొద: స్పీకర్లోకి ఎటునుంచి వస్తోంది?

వ్యాఖ్యాత: పాట ఆపేసినా స్పీకర్లోంచి రొద వస్తూనే ఉంటుంది. చాలామంది వెంటనే కొత్త కేబుల్ కొనేస్తారు. ముందు చేయాల్సిందేమిటండీ?

ఆడియో ఇంజనీర్: చెవి పెట్టి వినాలి. రొదలన్నీ ఒకటి కావు. లోగొంతుతో మూలిగినట్టుంటే హమ్, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ. దేశాన్నిబట్టి 50 లేదా 60 హెర్ట్జ్. జుయ్యిమని కరుకుగా ఉంటే దానికి రెండింతలు, మూడింతలు ఉండే ఫ్రీక్వెన్సీలు కూడా కలిశాయన్నమాట. ఆవిరి పోతున్నట్టు సుయ్యిమంటే హిస్. దానికీ ఎర్తింగుకీ సంబంధం లేదు. ప్లేయర్ వాల్యూమ్ పెంచి, ఆంప్ (ఆంప్లిఫయర్) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, తగ్గిస్తే చాలావరకు అణుగుతుంది. ట్వీటర్‌కి, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌కి, చెవి ఆనిస్తేనే వినపడేంత హిస్ అయితే వదిలేయండి.

వ్యాఖ్యాత: మరి హమ్ అయితే?

టెక్నీషియన్: వాల్యూమ్ నాబ్ తిప్పండి. నాబ్‌తోపాటు పెరిగితే, ఆ హమ్ నాబ్‌కి ముందే చేరింది. మారకపోతే నాబ్ దాటాక, పవర్ ఆంప్ (స్పీకర్ని నడిపే భాగం) వైపు వెతకాలి. ముందే చేరిందనుకోండి, ఆంప్ ఆఫ్ చేసి ఇన్‌పుట్ కేబుళ్లన్నీ తీసేయండి. వాల్యూమ్ తగ్గించి ఆన్ చేయండి. నిశ్శబ్దంగా ఉంటే ఆంప్ బాగున్నట్టే. ఇక ఒక్కొక్క కేబులే తిరిగి పెట్టాలి, ప్రతిసారీ ఆఫ్ చేసి. రెండేసి పెడితే ఏది తెచ్చిందో తెలీదు.

ఇంజనీర్: ఒక్క మాట. ఖాళీ ఇన్‌పుట్ యాంటెన్నాలా తనే రొద పట్టేస్తుంది. పాత ఆర్‌సీఏ ప్లగ్గులో (ఆడియో కేబుల్ చివరుండే గుండ్రటి ప్లగ్గు) నడిమి పిన్నునీ బయటి రింగునీ ఒక తీగముక్కతో సోల్డర్ చేసి అందులో పెట్టండి. ఇన్‌పుట్‌లోనే సుమా, అవుట్‌పుట్‌లో పెడితే పరికరం పాడవుతుంది.

వ్యాఖ్యాత: టీవీ కలపగానే హమ్ మొదలైతే?

టెక్నీషియన్: అది గ్రౌండ్ లూప్. టీవీకొచ్చే కేబుల్ వైరు బయట ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, ఆంప్‌కి ప్లగ్గులో ఇంకో ఎర్త్. ఈ రెంటి మధ్య కాస్త వోల్టేజి తేడా ఉన్నా ఆర్‌సీఏ కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) గుండా కరెంటు పారుతుంది. సిగ్నల్ తిరిగొచ్చే దారీ ఆ షీల్డే కాబట్టి హమ్ పాటలో కలిసిపోతుంది. టీవీ వెనక ఆ ఒక్క వైరు తీసి చూడండి. ఆగిపోతే కారణం అదే. టీవీ నుంచి ఆంప్‌కి ఆప్టికల్ కేబుల్ వేస్తే సరి, అందులో వెళ్లేది వెలుగే గాని కరెంటు కాదు.

వ్యాఖ్యాత: ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందంటారు కదా?

టెక్నీషియన్: హమ్ పోవచ్చు, మనిషి ప్రాణమూ పోవచ్చు. లోపల లైవ్ వైరు ఊడి బాడీకి తగిలితే ఫ్యూజు కొట్టేయించేది ఆ పిన్నే. అది లేకపోతే బాడీ ముట్టుకున్నవాళ్లకి షాక్. దయచేసి ఎవరూ అలా చేయకండి. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. అప్పటికీ ఉంటే ఆడియో లైన్లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి, అది రెండు వైపులనీ తీగతో కలపకుండానే సిగ్నల్ దాటిస్తుంది. నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్ బేస్ తినేస్తుంది, సబ్‌వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) లైన్లో వద్దు.

ఇంజనీర్: లాప్‌టాప్ అయితే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. మౌస్ కదిపినప్పుడల్లా వచ్చే కిచకిచ ఆగితే కారణం చార్జరే. టర్న్‌టేబుల్‌కి (రికార్డు ప్లేయర్) సన్నటి ఎర్త్ తీగ ఒకటి ఉంటుంది, దాని సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్ గ్రౌండ్ స్క్రూకి అది బిగించి ఉందో లేదో చూడండి.

వ్యాఖ్యాత: మోత స్పీకర్లోంచి కాక ఆంప్ పెట్టెలోంచే వస్తుంటే?

టెక్నీషియన్: అది ట్రాన్స్‌ఫార్మర్ అదురు. కేబుళ్లు ఎన్ని మార్చినా పోదు. ఇంట్లో లైట్ డిమ్మర్లు, హెయిర్ డ్రయ్యర్ ఆపి మళ్లీ వినండి. తగ్గితే తప్పు కరెంటు లైన్‌ది. తగ్గకపోతే టెక్నీషియన్ చేత ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు చూపించండి.