చేతికి అందే ట్రక్కు: ఫోర్డ్ మావరిక్‌ను ఎదురుగా చూశాక

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగంలో ఒకే వాహనం గురించి మాట్లాడుకుందాం. ఫోర్డ్ 2021 జూన్‌లో అమెరికాలో ప్రకటించి, 2025 మోడల్‌కు కొన్ని ముఖ్యమైన మార్పులు చేసిన చిన్న పికప్ ట్రక్కు మావరిక్‌ను మీరు ఈ మధ్యే దగ్గరగా చూసి వచ్చారు. ఫొటోల్లో తెలియనిది ఏం తెలిసిందండీ?

అతిథి: దాని ఎత్తు తెలిసిందండీ. నేల మీదే నిలబడి పక్క నుంచి చేయి చాపితే బెడ్, అంటే వెనక సామాను వేసే తొట్టి అడుగు నా వేళ్లకు తగిలింది. ఆ పక్కనే ఫోర్డ్ వారి పెద్ద పికప్ ఎఫ్-150 నిలబెట్టి ఉంది. దాని బెడ్‌లో మూలకు జారిపోయిన ఒక చిన్న పెట్టెను తీయాలంటే టెయిల్‌గేట్, అంటే వెనక తలుపు దించి లోపలికి ఎక్కడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. పొడవులోనూ తేడా బాగానే ఉంది. మావరిక్ సుమారు 5.07 మీటర్లు ఉంటే, నాలుగు తలుపుల ఎఫ్-150 దాదాపు 5.9 మీటర్లు ఉంటుంది. అయినా కొలతల పట్టికలో ఈ అంకెలు చదవడం వేరు, రెంటి మధ్యా నిలబడి చూడడం వేరు.

వ్యాఖ్యాత: అయితే ట్రక్కు అనేసరికి చాలామంది ముందువైపు చూస్తారు కదా, ఆ గ్రిల్లు, ఆ గంభీరత.

అతిథి: చూస్తారు, అక్కడే నాకు అభ్యంతరం. మన సామాను బరువును మోసేది బెడ్ కాబట్టి దాన్ని బట్టే ట్రక్కును అంచనా వేయాలని నా నమ్మకం. ముందు భాగం ఎత్తు పెరిగేకొద్దీ ఎదుటివాళ్లకు ప్రమాదం కూడా పెరుగుతుంది. ఐఐహెచ్‌ఎస్ అనే రహదారి భద్రతా పరిశోధన సంస్థ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు పాదచారులను ఢీకొన్నప్పుడు మరణం సంభవించే అవకాశం, బానెట్ 30 అంగుళాలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండి ముందుకు వాలి ఉన్న వాహనాలతో పోలిస్తే, దాదాపు 45 శాతం ఎక్కువ. అందుకే బానెట్ ఎత్తును హుందాతనంగా చూడడం నాకు సరిపడదు.

వ్యాఖ్యాత: సరే, మీరు ప్రధానమన్న ఆ బెడ్ దగ్గరికే వద్దాం. దాని పొడవు నాలుగున్నర అడుగులే, చాలా పొట్టి కదా?

అతిథి: పొట్టిదే, అందులో సందేహం లేదు. కానీ దాన్ని రూపొందించినవాళ్లు ఆ కొరతను ఊరికే వదిలేయలేదు. టెయిల్‌గేట్‌ను పూర్తిగా దించకుండా సగంలో ఆపవచ్చు. అప్పుడు దాని పై అంచు, లోపల రెండు చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉన్న భాగాలు ఒకే మట్టానికి వస్తాయి కాబట్టి, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న ప్లైవుడ్ షీట్లను వాటి మీద చదునుగా పరిచి తీసుకెళ్లవచ్చు. బెడ్ గోడల్లో అచ్చుగా గాడులు నొక్కి ఉంచారు. రెండు బై నాలుగు అంగుళాల చెక్కలు వాటిలో దించితే అరలు చేసుకోవచ్చు, లేదా పైన రెండో అంతస్తు వేసుకోవచ్చు. దానికి కంపెనీ అమ్మే సామగ్రే కొనాలన్న నిర్బంధం లేదు, మామూలు చెక్క చాలు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నేను ఆ గాడుల్లో వేలు పెట్టి చూసి, మనిషి చేతిపనిని గౌరవించే ఆలోచన ఇది అనుకున్నాను.

వ్యాఖ్యాత: ఇంత పనికొచ్చే చిన్న ట్రక్కు అమెరికాలో ఇన్నాళ్లూ ఎందుకు లేకుండా పోయిందంటారు?

అతిథి: దానికి పాత కథ ఉంది. అమెరికన్ కోళ్ల మాంసం మీద ఐరోపా దేశాలు సుంకం పెంచాయని, ప్రతిగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దిగుమతి అయ్యే తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం విధించారు. 1964లో అమలులోకి వచ్చిన ఆ సుంకం, మిగతా వివాదం సద్దుమణిగాక కూడా నిలిచిపోయింది; దాంతో విదేశాల్లో తయారైన చిన్న ట్రక్కులకు ఆ మార్కెట్‌లో పోటీపడడం కష్టమైంది. ఫోర్డ్ కూడా తన పాత చిన్న రేంజర్ తయారీని అక్కడ 2011లో ఆపేసింది. ఆ సుంకం పడకుండా మావరిక్‌ను మెక్సికోలోని ఎర్మొసీయోలో తయారు చేయడానికి ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం వీలు కల్పించింది. పైగా దీనికి పెద్ద ట్రక్కుల్లోలాగా విడిగా ఛాసిస్ లేదు, ఫోర్డ్ ఎస్కేప్ లాంటి ఎస్‌యూవీలతో నిర్మాణాన్ని పంచుకుంటుంది.

వ్యాఖ్యాత: లోపల కూర్చున్నారా?

అతిథి: కూర్చున్నాను. గట్టి ప్లాస్టిక్కే ఎక్కువ, కానీ రంగుల ఎంపిక బాగుంది. 2025 మోడల్‌లో 13.2 అంగుళాల తెర వచ్చింది. వెనక సీట్లో మోకాళ్లకు చోటు పెద్దవాళ్లకు సరిపోతుంది గానీ ధారాళం కాదు.

వ్యాఖ్యాత: మరి ధర?

అతిథి: అది బాధగానే ఉంది. 2021లో మొదటి ధర 19,995 డాలర్లని ప్రకటించినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. 2025 మోడల్‌కు అది 26 వేల డాలర్లు దాటింది. మొదటిసారి వాహనం కొనుక్కునే యువ కార్మికులకు ఆరు వేల డాలర్ల తేడా చిన్నది కాదు.

వ్యాఖ్యాత: ఇక చివరి ప్రశ్న. కొనదలచినవాళ్లు ఏ రకం చూడాలి?

అతిథి: హైబ్రిడ్ చూడమంటాను. 2.5 లీటర్ల ఇంజిను, విద్యుత్ మోటారు కలిసి 191 హార్స్‌పవర్ ఇస్తాయి. తొలి మోడల్‌కు నగరంలో అధికారిక అంచనా గ్యాలన్‌కు 42 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 18 కిలోమీటర్లు. బెడ్, మనుషులు కలిపి సుమారు 680 కిలోల దాకా మోస్తుంది. ట్రైలర్ లాగాల్సినవాళ్లు మాత్రం 4,000 పౌండ్ల టోయింగ్ ప్యాకేజీ అడగాలి, లేకపోతే పరిమితి 2,000 పౌండ్లే. తొలి హైబ్రిడ్‌కు ఆ ప్యాకేజీ ఇవ్వలేదు, 2025 నుంచి ఇస్తున్నారు. చూడడానికి వెళ్లేటప్పుడు మీరు తరచూ మోసే వస్తువుల్లో అన్నిటికన్నా పొడవైనదాన్ని కొలుచుకుని, ఆ టేపును వెంట తీసుకెళ్లండి. మీ సామాను ఆ నాలుగున్నర అడుగుల్లో గానీ, సగం దించిన టెయిల్‌గేట్ మీదుగా గానీ ఇమడకపోతే ఈ ట్రక్కు మీకు సరిపడదు, అప్పుడు పెద్ద బెడ్ ఉన్న బండినే చూసుకోండి.