బోరు నీళ్లలో ఫ్లోరైడ్: అయాన్ క్రోమటోగ్రఫీలో మొదటి పీక్‌తోనే చిక్కు

[తెర మీద: నల్గొండ జిల్లా బోరు నీళ్ల సీసా]

తాగునీటిలో ఫ్లోరైడ్‌కి ఐఎస్ 10500 (తాగునీటికి మన దేశ ప్రమాణం) పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5. రిపోర్టులో 1.4 రాస్తామా, 1.6 రాస్తామా అన్నది ఒక ఊరికి చాలా పెద్ద తేడా. అందుకే ఈ పీక్ దగ్గర ఆగి చూద్దాం. అయాన్ క్రోమటోగ్రఫీ అంటే నీళ్లలోని అయాన్లను కాలమ్ అనే గొట్టంలో విడదీసి కొలవడం; ఒక్కో అయాన్ గ్రాఫ్ మీద ఒక్కో పీక్‌గా, అంటే శిఖరంగా లేస్తుంది.

[తెర మీద: కాలమ్ లోపలి బొమ్మ]

కాలమ్‌లో నింపిన రెసిన్ మీద ధనావేశమున్న క్వాటర్నరీ అమ్మోనియం గ్రూపులుంటాయి. పట్టు తక్కువున్న ఫ్లోరైడ్ ముందు బయటికొస్తుంది. తర్వాత క్లోరైడ్, నైట్రైట్, బ్రోమైడ్, నైట్రేట్, ఫాస్ఫేట్, చివర్లో సల్ఫేట్.

[దగ్గరగా: తూకం]

ఎల్యుయెంట్ (అయాన్లను కాలమ్‌లోంచి తోసుకెళ్లే ద్రావణం): సోడియం కార్బొనేట్ 0.339 గ్రాములు, సోడియం బైకార్బొనేట్ 0.084 గ్రాములు, 18.2 మెగాఓమ్ (అతి శుద్ధ) నీళ్లతో లీటరుకి. వడకట్టి, గాలి తీసెయ్యండి. ఫ్లో నిమిషానికి 0.7 మిల్లీలీటర్లు, లూప్ (ఒకసారి ఎక్కించే నమూనా) 20 మైక్రోలీటర్లు. కాలమ్ తర్వాత ఉండే సప్రెసర్ సోడియం తీసేసి హైడ్రోజన్ ఇస్తుంది. కార్బొనేట్ కార్బానిక్ ఆమ్లమవుతుంది. సుమారు 800 మైక్రోసీమెన్స్ ఉండే బ్యాక్‌గ్రౌండ్ (ఎల్యుయెంట్ సొంత కండక్టివిటీ, అంటే విద్యుత్ వాహకత) 15–18కి పడిపోతుంది.

[దగ్గరగా: ఫ్లోరైడ్ ముందు గుంట]

ఇదిగో, ఈ గుంట చూడండి. నమూనా నీళ్లలో ఎల్యుయెంట్‌కి సరిపడా కార్బొనేట్ లేదు. ఆ నీళ్లు డిటెక్టర్ దాటేటప్పుడు కండక్టివిటీ బేస్‌లైన్ కంటే కిందికి దిగుతుంది. ఫ్లోరైడ్ సరిగ్గా దాని అంచునే లేస్తుంది. సాఫ్ట్‌వేర్ గుంట అడుగు నుంచి గీత గీసిందా, మనం ఫ్లోరైడ్ లెక్కగట్టే పీక్ ఏరియా మారిపోతుంది.

మందు సులువే. ఎల్యుయెంట్‌ని నూరు రెట్లు చిక్కగా కలపండి: 100 మిల్లీలీటర్లకి కార్బొనేట్ 3.39, బైకార్బొనేట్ 0.84 గ్రాములు. 100 మిల్లీలీటర్ల నమూనాకి ఇది 1 మిల్లీలీటరు. స్టాండర్డ్‌లకీ (గాఢత తెలిసిన ద్రావణాలు), బ్లాంక్‌కీ (ఒట్టి శుద్ధ నీళ్లు) అంతే. ఒక్కదానికి మరిచిపోయినా లెక్క తప్పుతుంది.

నమూనా పాలీప్రొపిలీన్ సీసాలోనే ఉంచండి, గాజు వద్దు. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌ని ముందు శుద్ధ నీళ్లతో కడగండి. వయల్ మూత లోపలివైపు ఒట్టి చేత్తో తాకితే చెమటలోని క్లోరైడ్ బ్లాంక్‌లోనే కనిపిస్తుంది.

క్లోరైడ్ మరీ ఎక్కువై నైట్రైట్‌ని మింగేస్తుంటే నమూనాని పలచన చేసి మళ్లీ ఎక్కించండి. కానీ ఫ్లోరైడ్‌ని ఆ పలచన రన్‌లోంచి తీసుకోవద్దు. పీక్ చిన్నదైపోయి మళ్లీ గుంట దగ్గరికే వస్తాం.

[తెర మీద: రెండు రన్‌లు ఒకదానిమీద ఒకటి]

సల్ఫేట్ పీక్ రోజురోజుకీ ఇంకా త్వరగా వచ్చేస్తోందా? ఎల్యుయెంట్ తాజాగా కలిపి చూడండి. అయినా అలాగే ఉంటే కాలమ్ కెపాసిటీ తగ్గుతోంది, దాని ముందు రక్షణకు పెట్టే గార్డ్ కాలమ్ మార్చండి.

చివరగా, అదే నమూనాకి లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ కలిపి రన్ చేయండి. కలిపినదాంట్లో 90 నుంచి 110 శాతం తిరిగి రావాలి. రాకపోతే రిపోర్టు ఆపి, ఆ పీక్ కింద గీసిన బేస్‌లైన్‌ని తెర మీద జూమ్ చేసి చూడండి.