ఎనిమిదిలోనే మొదలవ్వాలి: విశాఖ స్టూడియో చర్చ

యాంకర్: మేడం, పది ఫలితాలొచ్చాకే కదా ఇంట్లో కాలేజీ ఊసెత్తేది. మీరేమో ఎనిమిదో తరగతిలోనే మొదలవ్వాలంటున్నారు?

ప్రధానోపాధ్యాయురాలు: ఎన్‌ఎంఎంఎస్, అంటే పేదింటి పిల్లలకు ప్రతిభను బట్టి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్, దాని పరీక్ష ఎనిమిదిలోనే అండీ. జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, బడి పిల్లలు ఆ ఏడు తప్పిపోతే ఇక అంతే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు.

లెక్కల మాస్టారు: పేపర్లు రెండు, ఒక్కోదాంట్లో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. సబ్జెక్టు పేపర్ బడి పాఠాల్లోంచే వస్తుంది, దానికి భయం లేదు. తడబడేది మెంటల్ ఎబిలిటీలో. అద్దంలో బొమ్మ, అంకెల వరుస, అక్షరాలను గుర్తులుగా మార్చే కోడింగ్ పాఠ్యపుస్తకంలో ఉండవు కదా! జూన్ నుంచే వారానికి రెండు పీరియడ్లు అవే చేయించాలి, చివర్లో గడియారం పెట్టి ఓఎంఆర్, అంటే జవాబుల గడులు నింపే షీటు, మీద దిద్దించాలి. మైనస్ మార్కుల్లేవని చెప్పినా ఖాళీలు వదిలేస్తారు, అదో బెంగ.

యాంకర్: పాసైతే డబ్బు పడినట్టేనా?

కౌన్సెలర్: అక్కడే చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రిజిస్టర్లో ఒక్క పొడి అక్షరం. స్కాలర్‌షిప్ పోర్టల్ ఒప్పుకోదు. ఖాతాకు ఆధార్ ఇచ్చామంటారు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ప్రభుత్వ డబ్బు ఆధార్ ద్వారా ఆ ఖాతాలోనే పడేలా చేసే లింకు, ఉండదు. ఇవన్నీ పరీక్షకు ముందే సరిచూడాలి. ఆపైన ఏటా రెన్యువల్ చేయకపోతే ఆగిపోతుంది. పరీక్షలో పోయేవాళ్ల సంగతి అందరికీ తెలుసు, కాగితాల దగ్గర పోయేవాళ్లని ఎవరూ లెక్కపెట్టరు.

ప్రధానోపాధ్యాయురాలు: ఇంకోటి, ఇంటర్‌లోనూ డబ్బు అందాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. వచ్చాక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ పోతుంది, రెండేళ్లకు 24,000. చేరేముందు ఈ మాట ఎవరూ చెప్పరు.

యాంకర్: ఇంటర్ ఒక్కటే దారా మాస్టారూ?

లెక్కల మాస్టారు: కాదండీ. మన రాష్ట్ర ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కుల మీదే సీటిస్తాయి, ఆరేళ్ల కోర్సు. కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, దానికి పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకే వెళ్లొచ్చు.

కౌన్సెలర్: ఇదంతా తల్లిదండ్రులకు చేరాలిగా! పొద్దున్నే చేపలమ్ముకునే తల్లి పదకొండింటి మీటింగుకు ఎలా వస్తుంది? జాలరిపేటైతే సాయంత్రం ఆరింటికి వాళ్ల వీధిలోనే పెట్టండి. ఆధార్, పాస్‌బుక్ తెమ్మనండి, ఆదాయ సర్టిఫికెట్‌కు వార్డు సచివాలయంలో దరఖాస్తు ఆ వారమే పెట్టించేయండి.